ఆటలో కోపం ఎలా ఆపుకుంటారు? నిన్న రాత్రి ఒక గుంటడి మీద అరిచేశాను

గాజువాక_గురుడు · శనివారం, రాత్రి 1:40

నిద్ర పట్టక రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపిక పట్టండి.

పరవాడ వైపు ఒక కంపెనీలో నాది బి షిఫ్ట్. పదిన్నరకి ఇంటికొచ్చి, తినేసి, పదకొండున్నర నుంచి ఫోన్‌లో బీజీఎంఐ, అదే తుపాకుల ఆట. రోజూ నలుగురం ఆడతాం. నిన్న ఒకడు రాలేదు, వాడి బదులు ఎవరో ముక్కూమొహం తెలీని రాండమ్ తగిలాడు. క్రౌన్ ర్యాంక్ దాటి ఏస్ ర్యాంక్‌లోకి వెళ్లడానికి నాకు ఇంకా కొద్ది పాయింట్లే కావాలి. ఆఖరి సర్కిల్‌కి వచ్చేశాం. నేను దెబ్బ తిని నాక్ అయి, అంటే కూలబడి, గడ్డిలో పాకుతున్నాను. ఆ రాండమ్ నాకు పది అడుగుల్లో ఉన్నాడు. రివైవ్ చెయ్యరా, బతికించరా అంటే కదలడు. నించున్నవాడు నించున్నట్టే ఉన్నాడు. హద్దు కుదించుకుంటూ జోన్ వచ్చింది, నేను పోయాను, ఇంకో నిమిషంలో అందరం పోయాం.

మైకులో ఏం తిట్టానో ఇక్కడ రాయలేను. వాడి అమ్మని కూడా వదల్లేదు. అటు నుంచి కాసేపు చప్పుడు లేదు. ఆ తర్వాత సన్నటి గొంతు, తెలుగులోనే: "సారీ అన్నా... మా చెల్లి ఫోన్ లాగేసింది అన్నా." పదకొండో పన్నెండో ఉంటాయేమో వాడికి. వెనకాల ఎవరో ఆడమనిషి "ఎవుడ్రా ఆడు, అలగ తిడతన్నాడు?" అంటోంది. కట్.

మావాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అంతకన్నా సిగ్గుమాలిన సంగతి ఏంటంటే, ఆ తర్వాత కూడా ఇంకో నాలుగు మ్యాచ్‌లు ఆడాను. నాలుగూ పోయాయి.

డ్యూటీలో నా గొంతు ఎవరికీ వినపడదు. ఇంట్లో నాన్న అరిస్తే తలొంచుకుని ఊరుకుంటాను. ఫోన్ పట్టుకుంటే మాత్రం పూనకమే. ప్రశాంతంగా ఆడేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? "ఆడటం మానెయ్" అనేవాళ్లకి ముందే దండం.

ఎండాడ_ఎక్స్‌ప్రెస్ · శనివారం, ఉదయం 7:05

ఆడటం మానెయ్.

(దండం అందింది బ్రో. మిగతావాళ్లు చెప్పండి.)

అశ్వం_64 · శనివారం, ఉదయం 8:20

గురుడు గారూ, మీరు గుంటడి గురించి నాలుగు పేరాలు రాసి, అసలు సంగతిని ఒక్క వాక్యంలో దాటేశారు. "ఆ తర్వాత కూడా నాలుగు మ్యాచ్‌లు ఆడాను." నా రోగం కూడా సరిగ్గా అదే. నేను ఆన్‌లైన్ చెస్ ఆడతాను, మూడు నిమిషాల బ్లిట్జ్. ఒకసారి రాత్రి పదకొండుకి కూర్చుని రెండున్నరకి లేచేసరికి 180 రేటింగ్ పాయింట్లు పోయాయి. గెలిచే ఆటలో క్వీన్ ఊరికే ఇచ్చేశాను, అక్కడ మొదలైంది. మిగతావన్నీ ఆ క్వీన్ కోసం ఆడినవే.

దీన్ని గేమర్లు "టిల్ట్" అంటారు కదా. ఆ మాట పిన్‌బాల్ మిషన్ల నుంచి వచ్చింది. బంతి పడిపోతుంటే ఆడేవాడు కోపంతో మిషన్‌ని పట్టుకుని ఊపేసేవాడు. మరీ ఊపితే లోపలున్న ఒక చిన్న లోలకం తగిలి మిషన్ "టిల్ట్" అని చూపించి బిగుసుకుపోయేది. ఇక ఎన్ని మీటలు నొక్కినా ఆ బంతి పోయినట్టే. పేకాటవాళ్లు ఆ మాట తీసుకున్నారు, వాళ్ల నుంచి మనకొచ్చింది. మనకి ఆ లోలకం లేదు, అదే ఇబ్బంది. బిగుసుకుపోయాక కూడా "ఇంకొక్కటి" అనే మీట మాత్రం చక్కగా పనిచేస్తుంది.

ఇంకో లెక్క చెబుతాను. రేటింగ్ ఉన్న ఏ ఆటైనా మీ బలానికి సరిపడే ప్రత్యర్థిని వెతికి పెడుతుంది. చెస్‌లో ఇద్దరి రేటింగూ సమానమైతే అవకాశాలు సగం సగం, 200 తేడా ఉంటే పైవాడు వందలో 76 వంతులు తెచ్చుకుంటాడని అంచనా. అంటే సమానులతో ఆడుతున్నంత కాలం బొమ్మా బొరుసే. బొమ్మా బొరుసు 20 సార్లు వేస్తే ఎక్కడో ఒకచోట వరసగా నాలుగు బొరుసులు పడే అవకాశం దాదాపు సగం ఉంది. ఏ తప్పూ చెయ్యకుండానే నాలుగు పోవచ్చన్నమాట. కోపంలో ఉంటే అంతకన్నా అన్యాయం. రేటింగేమో స్థిమితంగా ఆడిన నిన్నటి మీది, ఆడుతున్నదేమో కళ్లు మండుతున్న ఈ రాత్రి మీరు. సిస్టమ్‌కి ఆ సంగతి తెలీదు. నిన్నటి మీకు సరిపోయేవాణ్ణే తెచ్చి ఎదురుగా కూర్చోబెడుతుంది.

కోపమే_నా_బలం · శనివారం, ఉదయం 9:48

లెక్కలు బాగున్నాయి మాస్టారూ, కానీ నాకు కోపమొస్తేనే చెయ్యి ఆడుద్ది. చల్లగా కూర్చుని ఆడేవాడు ధ్యానం చేసుకోవాలి, గేమ్ ఎందుకు? ఆ పిల్లాణ్ణి తిట్టకపోతే రేపు మళ్లీ అలాగే నించుంటాడు. ర్యాంక్ మ్యాచ్‌లోకి గుంటల్ని ఎవడు రమ్మన్నాడు?

బీచ్‌రోడ్_వైపర్ · శనివారం, ఉదయం 11:15

"కోపమొస్తేనే చెయ్యి ఆడుద్ది" అనేవాళ్లతో రోజూ ఆడేదాన్ని నేను. నాది వాలరంట్, అదీ తుపాకుల ఆటే. మైక్ ఆన్ చేసి "ఎ సైట్‌కి వెళ్దాం" అంటే చాలు, ఆడపిల్ల గొంతు వినగానే "వెళ్లి అన్నం వండుకో" అంటారు. ఇది పది మందిలో ఇద్దరు ముగ్గురి సంగతే, కానీ ఆ ఇద్దరు ముగ్గురు చాలు ఆ రాత్రి పాడవడానికి. గురుడు గారూ, ఆ గుంటడి వైపు నుంచి చెబుతున్నాను. తిట్టు పడ్డాక వేళ్లు బిగుసుకుపోతాయి. తర్వాతి రౌండ్‌లో నేను కాల్చాల్సినవాణ్ణి కూడా కాల్చలేను. కాబట్టి "తిడితే నేర్చుకుంటాడు" అనేది అబద్ధం. మీ టీమ్‌లో ఒకణ్ణి మీరే తగ్గించుకుంటున్నారు, అంతే.

నేను గమనించింది ఒకటుంది. బతికున్నవాడు ఎవర్నీ తిట్టడు, వాడికి తీరిక ఉండదు. చచ్చినవాడి నోరే లేస్తుంది. చేతిలో పనిలేక, పక్కవాడి స్క్రీన్ చూస్తూ కూర్చుంటాడు కదా. పైనుంచి చూస్తే అందరూ తప్పు చేస్తున్నట్టే కనపడుతుంది. మీరు కూడా నాక్ అయి పాకుతున్నప్పుడే అరిచారు, చూసుకోండి.

అందుకని నాకు నేను పెట్టుకున్న పద్ధతి: చచ్చిన తర్వాత మైకులో మూడే మాటలు. ఎక్కడున్నాడు, ఎంతమంది, ఎంత దెబ్బ తిన్నాడు. అంతకుమించి నాలుగో మాట వస్తోందంటే మైక్ మీట వదిలేస్తాను. ప్రతి రౌండ్ ముందు తుపాకులు కొనుక్కోవడానికి 30 సెకన్లు ఇస్తాడు. కొనడం ఐదు సెకన్ల పని. మిగతా టైమ్ మౌస్ మీద చెయ్యి తీసేసి ఒళ్లో పెట్టుకుంటాను. మొదట్లో అరచెయ్యి తడిగా ఉండేది, చున్నీకి తుడుచుకునేదాన్ని.

కోపం రాకుండా ఉండటం నాకూ చేతకాదు. అది అవతలివాడి చెవిలోకి వెళ్లకుండా చూసుకోవడం మాత్రం వచ్చింది.

మోడరేటర్ · శనివారం, మధ్యాహ్నం 12:02

పై పోస్టుకి వచ్చిన రెండు జవాబులు తీసేశాను. ఎవరివో వాళ్లకి తెలుసు. కోపం మీద చర్చలో కూడా ఇలాగేనా?

ఎన్ఏడీ_నాని · శనివారం, మధ్యాహ్నం 1:30

నేను ఇంటర్నెట్ కనెక్షన్ల పని చేస్తాను. నాకొచ్చే ఫిర్యాదుల్లో సగం రాత్రి గేమర్లవే. "పింగ్ పెరిగిపోయింది, అందుకే ఓడిపోయాను" అంటారు. పింగ్ అంటే సిగ్నల్ వెళ్లి రావడానికి పట్టే టైమ్. వెళ్లి చూస్తే రౌటర్ హాల్లో టీవీ వెనక, మనిషి రెండు గోడల అవతల మంచం మీద. కేబుల్ లాగితే సగం కోపం అక్కడే పోతుంది. ఫోన్‌లో ఆడేవాళ్లయితే కనీసం రౌటర్ ఉన్న గదిలో కూర్చోండి.

ఇంకోటి, మన విశాఖ ఉక్కపోత. మే నెలలో తలుపులేసుకుని, ఫ్యాన్ చప్పుడు మైకులో వస్తోందని అది కూడా ఆపేసి ఆడతారు. ఒంట్లోంచి నీళ్లు కారుతుంటే బుద్ధుడికైనా చిరాకొస్తుంది. ఫ్యాన్ వెయ్యండి నాయనా.

ఉక్కునగరం_బాబాయ్ · శనివారం, సాయంత్రం 5:40

నాకు మీ వీడియో గేములు తెలీవు. నాది క్యారమ్స్. మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు.

1991లో క్వార్టర్స్‌లో ప్రతి ఆదివారం మా వరండాలో బోర్డు పడేది. పైన వంద క్యాండిల్ బల్బు, దానికి అట్టముక్కతో టోపీ. ఒకరోజు చివరి బోర్డు. రెడ్ నేనే వేశాను, కవర్ వెయ్యాలి, అంటే వెంటనే నా కాయ ఇంకొకటి వెయ్యాలి. హోల్ అంచున తెల్లకాయ, ఊదితే పడేట్టు ఉంది. కొట్టాను. కాయ పడింది, దాని వెనకే స్ట్రైకరూ పడింది. రెడ్ మళ్లీ బోర్డు మధ్యకొచ్చింది. ఎదురుగా ఉన్న నా స్నేహితుడు ఏమీ అనలేదు, చిన్నగా నవ్వాడు. అంతే. బోర్డు ఎత్తేశాను. కాయలు మెట్ల మీదుగా రోడ్డు మీదికి పోయాయి. ఒక నల్లకాయ ఈనాటికీ దొరకలేదు, దాని బదులు చొక్కా గుండీ పెట్టి ఆడాం చాలాకాలం. "ఆడాం" అంటే మిగతావాళ్లు. అతనూ నేనూ రెండేళ్లు మాట్లాడుకోలేదు.

మళ్లీ కలిశాక ఒక అలవాటు చేసుకున్నాను. తప్పు కొట్టిన ప్రతిసారీ భుజం మీది తువ్వాలుతో స్ట్రైకర్ తుడుస్తాను. తీరిగ్గా, రెండు వైపులా, అంచు కూడా. అందులో మురికేమీ ఉండదు. ఎదుటివాళ్లు "త్వరగా కానీయవయ్యా" అంటారు. అననీ. ఆ తుడిచేంత సేపు నా చేతికి ఒక పని ఉంటుంది. వైపర్ అమ్మాయి చెయ్యి ఒళ్లో పెట్టుకుంటానంది చూశారా, ఇదీ అదే.

కోపమే_నా_బలం · శనివారం, సాయంత్రం 6:10

బాబాయ్, గుండీ సంగతి సూపర్ 😂 కానీ ఫోన్‌కి తువ్వాలు ఎలాగ?

ఉక్కునగరం_బాబాయ్ · శనివారం, సాయంత్రం 6:25

ఫోన్ అద్దం తుడుచుకో. ఎలాగూ జిడ్డుగానే ఉంటుంది.

ఎంవీపీ_స్మాష్ · ఆదివారం, ఉదయం 8:10

ఇప్పుడే షటిల్ ఆడి వచ్చాను. సాయంత్రమైతే సముద్రం గాలికి కాక్ ఎటు పోతుందో తెలీదు, అందుకే మా కాలనీ కోర్టులో పొద్దున్న ఐదున్నరకే మొదలుపెడతాం.

బ్యాడ్మింటన్‌లో ఒకరి స్కోరు 11కి రాగానే ఒక నిమిషం ఆపుతారు, గేమ్‌కీ గేమ్‌కీ మధ్య రెండు నిమిషాలు. కాలనీ ఆటల్లో ఎవరూ పాటించరు, మేం పాటిస్తాం. ఆ నిమిషంలో నేను చేసేది ఊపిరి ఒక్కటే. నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఎనిమిది అంకెలు లెక్కపెడుతూ వదలడం. పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. వదలడం ఎక్కువసేపు చేస్తే నెమ్మదించే భాగం ఎక్కువవుతుంది. నమ్మకపోతే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూసుకోండి, వేలికే తెలుస్తుంది. ఐదారు సార్లు చాలు. మొదటి రెండుసార్లూ ఏమీ అనిపించదు, అక్కడే అందరూ మానేస్తారు.

ధోనీని చూసి నేర్చుకోండి. 2005లో మన ఊళ్లోనే పాకిస్తాన్ మీద 148 కొట్టాడు, మా నాన్న స్టేడియంలో చూశాడు. ఎంత టెన్షన్‌లోనైనా ఆ మొహంలో ఏమీ కనపడదు.

కోపమే_నా_బలం · ఆదివారం, ఉదయం 9:00

కనపడదా? 2019 ఐపీఎల్‌లో జైపూర్‌లో నోబాల్ గొడవకి అవుటైనవాడు మళ్లీ గ్రౌండ్‌లోకి వచ్చి అంపైర్లతో వాదించలేదా? సగం మ్యాచ్ ఫీజు కోశారు. కెప్టెన్ కూల్ అంట.

అశ్వం_64 · ఆదివారం, ఉదయం 9:35

అది నిజమే. అవుటైపోయి బయట కూర్చున్నప్పుడు వచ్చాడు చూశారా? వైపర్ గారు చెప్పిన "చచ్చినవాడి నోరు" లెక్కకి సరిపోయింది :)

చెస్‌లో కార్ల్‌సన్ కూడా 2025 జూన్‌లో నార్వేలో గుకేశ్ చేతిలో గెలిచే ఆట పోగొట్టుకుని బల్ల మీద గుద్దాడు, పావులు ఎగిరిపడ్డాయి. వెంటనే సారీ చెప్పి కుర్రాడి వీపు తట్టి వెళ్లాడు. నాకు గుద్దడం కన్నా ఆ సారీ ఎంత త్వరగా వచ్చిందో అదే గుర్తుండిపోయింది.

పీఎంపాలెం_గ్యాలరీ · ఆదివారం, ఉదయం 11:20

మహిళల ప్రపంచకప్‌కి 2025 అక్టోబరు 9న, 12న, రెండు రోజులూ మా ఇంటి పక్క స్టేడియంలోనే ఉన్నాను. మొదటి రోజు రిచా ఘోష్ 94 కొట్టినా సౌతాఫ్రికా డి క్లెర్క్ వచ్చి లాక్కుపోయింది. రెండో రోజు మనం 330 కొడితే ఆస్ట్రేలియా అది కూడా కొట్టేసింది. గేటు దగ్గర మా గ్యాంగ్ అంతా "ఈ కప్పు అయిపోయింది" అని తీర్మానం చేసేశాం. తర్వాత ఇండోర్‌లో ఇంగ్లండ్ మీద కూడా పోయింది, నాలుగు పరుగులతో. వరసగా మూడు. నవంబరు 2న అదే సౌతాఫ్రికా మీద ఫైనల్ గెలిచి కప్పు ఎత్తారు.

నేను చెప్పేదేమిటంటే, వాళ్లకి ఓటమికీ ఓటమికీ మధ్య మూడు రోజులు, వారం దొరికాయి. గురుడికి దొరికింది లాబీలో "స్టార్ట్" నొక్కేంత సేపు.

అశ్వం_64 · ఆదివారం, ఉదయం 11:50

మంచి మాటే గానీ పూర్తిగా ఒప్పుకోను. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ చెస్‌లో కోనేరు హంపి తొలి రౌండే ఓడిపోయింది. 11 రౌండ్లు మూడు రోజుల్లో అయిపోవాలి, ఆమెకి వారాలేం దొరకలేదు. ఆ రోజే మళ్లీ బోర్డు ముందు కూర్చుని, చివరికి 8.5 పాయింట్లతో టైటిల్ గెలిచింది. కాబట్టి ఎంత విరామం అన్నది ఒక్కటే కాదు, ఆ కాస్త టైమ్‌లో ఏం చేశామన్నది కూడా.

అయితే నేను హంపిని కాను. కాబట్టి నాది మొరటు పద్ధతి: వరసగా రెండు పోతే ఆ రోజుకి యాప్ మూసెయ్యడం. ఈ నిర్ణయం పగలే తీసుకోవాలి. రాత్రి ఓడిపోయినవాడి చేతికి నిర్ణయం ఇస్తే "ఇంకొక్కటి" అనే అంటాడు. లిచెస్ అనే చెస్ సైట్‌లో జెన్ మోడ్ పెడితే రేటింగ్, చాట్ రెండూ ఆట మధ్యలో కనపడవు, అదీ కొంత సాయం.

పేరు_వద్దు · ఆదివారం, మధ్యాహ్నం 3:05

"ఇంకొక్కటి"తో నేను ఆన్‌లైన్ రమ్మీలో పోగొట్టుకుంది పాయింట్లు కాదు, మా ఆవిడ గాజులు. మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు, 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టే ఆటల మీద చట్టం తెచ్చింది. అప్పటికే నాది అయిపోయింది. అశ్వం గారి రెండు ఆటల పద్ధతి ఆటల వరకే పనిచేస్తుంది. డబ్బు పెట్టేదాని జోలికే పోవద్దు. ఇంతకన్నా రాయను.

పెందుర్తి_అమ్మ · ఆదివారం, సాయంత్రం 4:30

మా అబ్బాయికి పదమూడు. గురుడు బాబూ, మీ పోస్ట్ చదివి నాకు కడుపులో దేవినట్టయింది. ఆ వెనకాల అరిచిన ఆవిడ నేనే అయ్యుండొచ్చు అనిపించింది. నేను కాదులెండి, మాకు ఆడపిల్ల లేదు.

మావాడు ఆడేటప్పుడు నేను ఎన్ని తప్పులు చేశానో చెబుతాను. భోజనానికి పిలిచి, రాకపోతే రౌటర్ పీకేశాను. వాడు తలుపు తన్నాడు. తర్వాత తెలిసింది, ఒక మ్యాచ్ అరగంట దాకా పడుతుందనీ, మధ్యలో పోతే మిగతా ముగ్గురూ వీణ్ణి తిడతారనీ. ఇప్పుడు "ఇంకా ఎన్ని నిమిషాలురా?" అని అడుగుతాను. నిమిషాలు చెబుతాడు, ఆ టైముకి వస్తాడు, పదిలో ఏడుసార్లు. ఆకలితో ఆడిన రోజు మాత్రం తప్పకుండా అరుపులే. ముందు రెండు దోశలు పెట్టి ఫోన్ ఇస్తాను. నవ్వకండి.

మీరు ఆ పిల్లాడికి సారీ చెప్పారా? ఎవరితో ఆడారో లిస్టు ఉంటుందని మావాడు అంటున్నాడు.

బీచ్‌రోడ్_వైపర్ · ఆదివారం, సాయంత్రం 4:52

ఈ ప్రశ్న నిన్నే అడగాల్సింది నేను. థాంక్యూ ఆంటీ.

గాజువాక_గురుడు · ఆదివారం, రాత్రి 11:10

అందరివీ చదివాను. చెప్పలేదు అమ్మా. లిస్టులో వెతికి మెసేజ్ పెడతాను. కార్ల్‌సన్‌కి రెండు సెకన్లు పట్టింది, నాకు రెండు రోజులు.

గాజువాక_గురుడు · రెండు వారాల తర్వాత, సోమవారం, ఉదయం 10:20

ఎవరైనా ఇంకా చూస్తున్నారేమో అని రాస్తున్నాను.

ఆ గుంటడు దొరికాడు. సారీ రాసి ఫ్రెండ్ రిక్వెస్ట్ పెట్టాను. మర్నాడు వాయిస్ మెసేజ్ పంపాడు: "పర్లేదు అన్నా, అందరూ తిడతారు." ఆ "అందరూ" అన్న మాట దగ్గర నాకు ఏం రాయాలో తెలీలేదు.

రెండు పోతే ఆపెయ్యడం: పద్నాలుగు రోజుల్లో తొమ్మిది రోజులు ఆపాను. ఐదు రోజులు ఆపలేదు. ఆ ఐదింట్లో నాలుగు, డ్యూటీలో ఎవరో ఏదో అన్న రోజులే. దీని గురించి ఇంకా ఆలోచిస్తున్నాను. ఊపిరి పద్ధతి నాకు మ్యాచ్ మధ్యలో కుదరట్లేదు, లాబీలో కుదురుతోంది. ఫోన్ అద్దం తుడవడం బాబాయ్ సరదాకి చెప్పారనుకున్నాను గానీ, అదే బాగా పనిచేస్తోంది. జేబులో కళ్లజోడు గుడ్డ పెట్టుకుని తిరుగుతున్నాను. ఏస్ మాత్రం రాలేదు, క్రౌన్‌లో ఇంకా కిందికి దిగాను.

నిన్న వీక్లీ ఆఫ్. గుంటడికి రాత్రి ఎనిమిది దాకే ఫోన్ ఇస్తారట, అందుకని ఏడుకి ఇద్దరం కలిసి ఆడాం. మళ్లీ నేనే నాక్ అయ్యాను. "వస్తన్నా అన్నా, వస్తన్నా, నువ్వు అరవకు" అంటూ పొగ బాంబు కూడా వెయ్యకుండా మైదానం మధ్యలోంచి పరిగెత్తుకొచ్చాడు. సగం దూరంలో వాణ్ణీ లేపేశారు. నా నోటి దాకా వచ్చింది. మైక్ మీద బొటనవేలు పెట్టి మూసేశాను. వేలు తీసేసరికి వాడే అడుగుతున్నాడు, "అన్నా, ఉన్నావా?" అని.

కోపమే_నా_బలం · సోమవారం, ఉదయం 11:02

పొగ ఎలా వెయ్యాలో నేను నేర్పుతాను, వాడి ఐడీ ప్రైవేట్‌లో పంపు. తిట్టను లే.

ఉక్కునగరం_బాబాయ్ · సోమవారం, సాయంత్రం 5:15

గురుడూ, ఆదివారం మా వరండాలో ఇప్పటికీ బోర్డు పడుతుంది. ఖాళీ ఉంటే రా. నా ఎదురుగా కూర్చునేది ఆ రోజు నవ్వినాయనే.

గాజువాక_గురుడు · సోమవారం, రాత్రి 11:25

ఎన్నింటికి బాబాయ్?

ఉక్కునగరం_బాబాయ్ · మంగళవారం, ఉదయం 6:10

పదింటికి. వచ్చేటప్పుడు బోరిక్ పౌడర్ డబ్బా ఒకటి పట్టుకురా, అయిపోయింది.